ఎగ్జాస్ట్ బ్రేక్, డీపీఎఫ్: ఒకే పొగగొట్టం మీద రెండు బాధ్యతలు

డీజిల్ లారీల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని మూసి బండిని నెమ్మదింపజేసేది) అంటే డ్రైవర్ చూసుకోవాల్సింది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) అంటే మెకానిక్ చూసుకోవాల్సింది అన్నట్టు నడిచిపోతోంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మొదటిది గుర్తొస్తుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలిగినప్పుడు రెండోది గుర్తొస్తుంది. కానీ రెండూ ఒకే పొగగొట్టం మీద, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఇంజిన్ వదిలే పొగంతా ముందు బ్రేకు వాల్వును దాటి, ఆ తర్వాత ఫిల్టర్‌లోంచి బయటికి పోవాలి. బ్రేకు వాల్వు సగం మూసుకుని బిగుసుకుపోతే మసి ఎక్కువై ఫిల్టర్ నిండిపోతుంది. ఫిల్టర్ నిండితే ఇంజిన్‌కు ఊపిరాడక పవర్ పడిపోతుంది. ఈ సంబంధం తెలియనప్పుడు తప్పు ఒకచోట ఉంటే ఖర్చు ఇంకోచోట పెడతారు. బాగున్న ఫిల్టర్‌ను విప్పి కొత్తది బిగిస్తారు, నెల తిరక్కముందే అదే లైటు మళ్లీ వెలుగుతుంది.

రెండింటినీ నడిపించేది వేడి. బ్రేకు డ్రమ్ముల్లో వేడి పుట్టకుండా ఎగ్జాస్ట్ బ్రేక్ చూసుకోవాలి. ఫిల్టర్‌లో చేరిన మసి కాలిపోయేంత వేడి పొగగొట్టంలో ఉండాలి. బండి నడిపే తీరును బట్టే ఈ రెండూ కుదరడమో కుదరకపోవడమో జరుగుతుంది.

డీజిల్ ఇంజిన్ తనంతట తాను బండిని ఎందుకు ఆపలేకపోతుంది

పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ మూసుకుంటుంది. గాలి లోపలికి లాక్కోవడానికి పిస్టన్లు కష్టపడతాయి కాబట్టి బండి నెమ్మదిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో మామూలుగా గాలికి ఆ అడ్డు ఉండదు. పవర్ ఎంత రావాలో తేల్చేది ఇంజెక్టర్లు కొట్టే డీజిలే. కాలు తీస్తే డీజిల్ ఆగుతుంది గానీ గాలి యథేచ్ఛగా వస్తూ పోతూ ఉంటుంది. కంప్రెషన్‌లో గాలిని నొక్కడానికి పెట్టిన బలంలో ఎక్కువ భాగం, పిస్టన్ కిందికి దిగేటప్పుడు తిరిగి వచ్చేస్తుంది. అందుకే ఇంత పెద్ద ఇంజిన్ ఉన్నా, లోడు బండి వాలులో కాలు తీసినా ఆగదు.

ఈ లోటును ఎగ్జాస్ట్ బ్రేక్ చాలా సాదాగా తీరుస్తుంది. పొగగొట్టంలో, సాధారణంగా టర్బో (పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) దాటాక, ఒక గుండ్రటి పలక వాల్వు ఉంటుంది. స్విచ్ వేసి యాక్సిలరేటర్ వదిలితే అది దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. బయటికి దారి లేక మానిఫోల్డులో, అంటే సిలిండర్ల నుంచి పొగ వచ్చి చేరే గొట్టంలో, ప్రెషర్ 3, 4 బార్ల దాకా, కొన్నిట్లో ఇంకా పైకి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోకులో పైకి వచ్చే ప్రతి పిస్టనూ ఆ ప్రెషర్‌కు ఎదురు నెట్టాలి. నెట్టే బలం చక్రాల నుంచి గేర్‌బాక్స్ మీదుగా వస్తుంది కాబట్టి బండి వేగం తగ్గుతుంది. వేరియబుల్ టర్బో ఉన్న ఇంజిన్లలో విడిగా పలక అక్కర్లేకుండా, టర్బోలోని రెక్కలో నాజిల్ రింగో దారిని ఇరుకు చేసి ఇదే పని చేస్తాయి.

చాలామంది దీన్నే జేక్ బ్రేక్ అనుకుంటారు గానీ అది వేరు. జేక్ బ్రేక్‌లో కంప్రెషన్ పూర్తి కావస్తుండగా ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని, నొక్కిన గాలిని వదిలేస్తుంది. పిస్టన్ పెట్టిన బలం తిరిగి రాదు. దీని వెనక ఒక ఘాట్ కథే ఉంది. ఇంజిన్ల కంపెనీ స్థాపించిన క్లెస్సీ కమిన్స్ 1931లో అమెరికాలో డీజిల్ లారీ మీద దూర ప్రయాణం చేస్తూ, కాలిఫోర్నియాలోని కజోన్ పాస్ దిగేటప్పుడు బ్రేకులు పోయి, అడ్డం వచ్చిన రైలును వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఇంజిన్‌నే బ్రేకుగా మార్చాలన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. చివరికి ఆయన డిజైన్‌తో జేకబ్స్ కంపెనీ 1961లో కంప్రెషన్ బ్రేకును మార్కెట్లోకి తెచ్చింది. ఎగ్జాస్ట్ బ్రేక్ కంటే ఇది బలమైనది, చప్పుడు కూడా ఎక్కువే. ఎగ్జాస్ట్ బ్రేక్ తక్కువ ఖర్చుతో, తక్కువ చప్పుడుతో నడుస్తుంది కాబట్టి మధ్యతరహా బళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

దిగడం మొదలయ్యాక కాదు, మొదలుకాకముందే

అసలు బ్రేకుల మీద పడే బరువెంతో లెక్క కడితే ఎగ్జాస్ట్ బ్రేక్ విలువ తెలుస్తుంది. 20 టన్నుల లోడు బండి 6 శాతం వాలులో 10 కి.మీ. దిగిందనుకుందాం. అంటే 600 మీటర్ల ఎత్తు దిగినట్టు. ఈ దిగుడులో బయటపడే శక్తి దాదాపు 118 మెగాజౌళ్లు, అంటే 3 లీటర్లకు పైగా డీజిల్ మండితే వచ్చేంత వేడి. గంటకు 36 కి.మీ. వేగంతో దిగితే ఇది సెకనుకు 118 కిలోజౌళ్లు, అంటే 118 కిలోవాట్లు. టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిసి ఇందులో కొంత భాగాన్ని మింగుతాయి. మిగతాదంతా ఏదో ఒకచోట వేడిగా మారాల్సిందే. ఇంజిన్ తీసుకోకపోతే డ్రమ్ములే తీసుకోవాలి. అదే దిగుడు రెట్టింపు వేగంతో దిగితే ఆ వేడంతా సగం సమయంలోనే పుట్టుకొస్తుంది. చల్లారే వ్యవధి డ్రమ్ములకు దొరకదు.

డ్రమ్ము 250, 300 డిగ్రీలు దాటేకొద్దీ లైనింగు పట్టు తగ్గుతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి బ్రేకు షూల నుంచి దూరం జరుగుతుంది. ఎయిర్ బ్రేకుల్లో పుష్‌రాడ్ (గాలి ప్రెషర్‌తో బ్రేకును నెట్టే కడ్డీ) ఇంకా ఎక్కువ దూరం కదలాల్సి వస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కినా బండి ఆగకపోవడానికి ఈ రెండూ కలిసి రావడమే కారణం. లైనింగు కాలిన వాసన వచ్చేసరికి పరిస్థితి అప్పటికే చేయి దాటుతోందని అర్థం.

అందుకే గేరు ఎంచుకోవాల్సింది దిగుడు మొదలయ్యే ముందు, బండి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే. ఎక్కిన గేరులోనే దిగాలని పాతకాలం నుంచి ఒక సూత్రం వినిపిస్తుంది. పాత ఇంజిన్లకు అది సరిపోయింది. ఇప్పటి ఇంజిన్లకు పవర్ ఎక్కువ, పెద్ద గేరులోనే గబగబా ఎక్కేస్తున్నాయి. ఎక్కిన గేరులోనే దిగితే చాలాసార్లు బండి వేగం అందుకుంటుంది. ఎక్కిన గేరు కంటే ఒకటి తక్కువలో మొదలుపెట్టడం మేలు. గేరు సరైనదో కాదో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి ఉండగా, ఫుట్ బ్రేకు మీద కాలు పెట్టకుండానే బండి వేగం నిలకడగా ఉండాలి, లేదా చాలా మెల్లగా మాత్రమే పెరగాలి. పెడల్ మీద కాలు ఆనించే ఉంచాల్సి వస్తోందంటే గేరు ఎక్కువైందన్నమాట.

ఇక్కడ ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) గురించి ఒక భయం పోవాలి. దిగేటప్పుడు ఇంజిన్ గట్టిగా అరుస్తుంటే పాడైపోతుందేమోనని పై గేరు వేసేవాళ్లు ఉంటారు. కానీ ఎగ్జాస్ట్ బ్రేక్ బలమంతా ఆర్‌పీఎమ్‌లోనే ఉంది. 1,200 దగ్గర అంతంతమాత్రంగా పట్టే బ్రేకు, 2,000 దాటాక గట్టిగా పట్టుకుంటుంది. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ ఆర్‌పీఎమ్ దాటకుండా, దానికి దగ్గర్లోనే తిప్పడం ఇంజిన్‌కు చెరుపు కాదు. ఆ సమయంలో డీజిల్ అసలు పడదు, లోపల మంట ఉండదు, గాలి మాత్రమే తిరుగుతుంటుంది. గరిష్ఠ పరిమితిని దాటించడం మాత్రం నిజంగానే ప్రమాదం. ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ డీజిల్‌ను ఆపగలదు గానీ, వెనక నుంచి తోసే బరువును ఆపలేదు.

వేగం అనుకున్నదానికన్నా పెరిగితే ఫుట్ బ్రేకును గట్టిగా ఒకసారి తొక్కి, ఉన్న వేగంలో గంటకు 8 కి.మీ. మేర తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. మళ్లీ పెరిగాక మళ్లీ అలాగే చేయాలి. కాలు సన్నగా ఆనించి దిగడం మెత్తగా అనిపించినా, డ్రమ్ముకు ఊపిరి తిప్పుకునే వీలు ఇవ్వదు. పైగా అడ్జస్ట్‌మెంట్ సరిగా లేని చక్రాలు పనిచేయకుండా తప్పించుకుంటాయి, ఒకటి రెండు చక్రాలే భారమంతా మోస్తాయి.

క్లచ్ తొక్కినా, న్యూట్రల్ చేసినా ఎగ్జాస్ట్ బ్రేక్ లేనట్టే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ఏ లెక్కన చూసినా తప్పే. గేరులో ఉండి కాలు తీస్తే డీజిల్ సున్నా, న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కు, అంటే ఇంజిన్ ఊరికే తిరగడానికి, డీజిల్ పడుతూనే ఉంటుంది. దిగుడు మధ్యలో గేరు జారి న్యూట్రల్‌లోకి పోతే, వేగం మీద ఉన్న బండికి మళ్లీ తక్కువ గేరు ఎక్కించడం చాలాసార్లు కుదరదు.

తడి రోడ్డు మీద మాత్రం ఈ సలహాలన్నీ పగ్గం వేసి వాడుకోవాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ నడిపే చక్రాలనే పట్టుకుంటుంది, ముందు చక్రాలకూ ట్రైలర్‌కూ దాని ప్రభావం ఉండదు. ఖాళీ బండి, జారే రోడ్డు, తక్కువ గేరు మూడూ కలిస్తే వెనక చక్రాలు జారి బండి అడ్డం తిరగొచ్చు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్న చాలా బళ్లలో చక్రం జారుతున్నట్టు పసిగట్టగానే కంప్యూటరే ఈ బ్రేకును విడుదల చేస్తుంది. అయినా వాన మొదలైన తొలి నిమిషాల్లో, రోడ్డు మీది నూనె ఇంకా కొట్టుకుపోనప్పుడు, స్విచ్ ఆపేసి వేగమే తగ్గించుకోవడం ఉత్తమం.

మసి వేరు, బూడిద వేరు

వాల్వు దాటిన పొగ తర్వాత చేరేది ఫిల్టర్ల పెట్టెకి. అమెరికాలో 2007 మోడల్ ఇంజిన్ల నుంచి, యూరప్‌లో యూరో 6తో 2013 నుంచి, భారత్‌లో బీఎస్ 6తో 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధనల వల్ల భారీ డీజిల్ బళ్లలో ఈ పెట్టె దాదాపు తప్పనిసరి అయింది. గంధకం అతి తక్కువగా ఉన్న డీజిల్ వచ్చాకే ఇది సాధ్యమైంది. అమెరికాలో 15 పీపీఎమ్ (పది లక్షల్లో 15 భాగాలు), యూరో 6, బీఎస్ 6 ఇంధనాల్లో 10 పీపీఎమ్ మించకూడదు.

పెట్టెలో మొదటిది డీఓసీ, అంటే ఆక్సిడేషన్ క్యాటలిస్ట్. కాలకుండా మిగిలిన డీజిల్ ఆవిరినీ కార్బన్ మోనాక్సైడ్‌నూ అది కాల్చేస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్‌లో కొంత భాగాన్ని నైట్రోజన్ డైఆక్సైడ్‌గా మారుస్తుంది. దాని వెనక డీపీఎఫ్. తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె అది. పక్కపక్క గదుల్లో ఒకదానికి ముందు వైపు, ఇంకొకదానికి వెనక వైపు మూత వేసి ఉంటుంది. లోపలికి వచ్చిన పొగ సన్నటి గోడల రంధ్రాల్లోంచే పక్క గదిలోకి వెళ్లాలి. పొగ వెళ్తుంది, మసి ఆగిపోతుంది. బాగున్న ఫిల్టర్ మసి బరువులో 95 శాతానికి పైగా పట్టేస్తుంది. ఆ తర్వాత ఎస్‌సీఆర్. 32.5 శాతం యూరియా ఉన్న డెఫ్ ద్రవాన్ని చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటిగా మార్చేది అదే.

ఫిల్టర్‌లో చేరేవి రెండు. మసి కార్బన్ కాబట్టి కాలుతుంది. బూడిద కాలదు, ఎందుకంటే అది కాలిపోయిన తర్వాత మిగిలిందే. బూడిదలో ఎక్కువ భాగం ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం, జింక్, ఫాస్ఫరస్ లాంటి పదార్థాల నుంచి వస్తుంది. ఈ తేడా తెలిస్తే ఫిల్టర్ గురించి సగం తెలిసినట్టే. మసి సమస్యకు రీజనరేషన్, అంటే మసిని వేడితో కాల్చేయడం, మందు. బూడిద సమస్యకు ఎన్ని రీజనరేషన్లు చేసినా ఉపయోగం లేదు, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయాల్సిందే.

మసి కాలడానికి రెండు దారులున్నాయి. బండి లోడుతో హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు పొగ 250 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంటుంది. అప్పుడు డీఓసీ తయారు చేసిన నైట్రోజన్ డైఆక్సైడ్ మసిని మెల్లగా, డ్రైవర్‌కు తెలియకుండానే కాల్చేస్తుంటుంది. ఆ అవకాశం లేని బళ్లలో మసి పేరుకుంటుంది. ఒక స్థాయి దాటగానే కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మి, దాన్ని డీఓసీలో మండించి, వేడిని 550, 600 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. యాక్టివ్ రీజనరేషన్ అంటే ఇదే. బండి నడుస్తుండగానే జరగొచ్చు, లేదా బండిని ఆపి స్విచ్ నొక్కి చేయించాల్సి రావొచ్చు. ఆపి చేసేది చాలా బళ్లలో 20 నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. ఆ సమయంలో పైపు చివర వచ్చే గాలి ఎండుగడ్డిని అంటించగలదు, కాబట్టి బండి ఎక్కడ నిలిపామో దిగి చూసుకోవాలి.

ఫిల్టర్‌కు అసలు శత్రువు ఐడిలింగ్. గంటల తరబడి ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే పొగ చాలా ఇంజిన్లలో 150 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. మసి పుడుతుంది గానీ కాలదు. పైగా డీఓసీ ముందు ముఖం మీద తడి మసి పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు కనిపించే లక్షణాలన్నీ డీపీఎఫ్ నిండినట్టే ఉంటాయి. డీపీఎఫ్‌ను విప్పేముందు డీఓసీ ముఖాన్ని టార్చి వేసి చూడటం ఐదు నిమిషాల పని, దానివల్ల పెద్ద ఖర్చే తప్పవచ్చు.

దిగుడులో ఫిల్టర్‌కు ఏమవుతుంది

పొడవైన దిగుడులో డీజిల్ పడదు, పొగ ఉండదు, మసి కూడా పుట్టదు. ఆ మేరకు ఫిల్టర్‌కు విశ్రాంతే. కానీ కాలు తీసి ఊరికే దిగుతుంటే, ఇంజిన్ నిండా చల్లగాలి లాగి పొగగొట్టంలోకి తోస్తుంటుంది. డీఓసీ, ఎస్‌సీఆర్ రెండూ గబగబా చల్లబడతాయి. దాదాపు 200 డిగ్రీల కింద డెఫ్ చిమ్మడం కూడా ఆగిపోతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ వేస్తే దారి ఇరుకై గాలి ప్రవాహం తగ్గుతుంది, లోపల నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది. అందుకే పెట్టె నెమ్మదిగా చల్లబడుతుంది. చలికాలంలో ఉదయం ఇంజిన్ త్వరగా వేడెక్కడానికి కొన్ని ఇంజిన్లు ఇదే వాల్వును కొంత మూసి ఉంచుతాయి కూడా. వాల్వు ఫిల్టర్ కంటే ముందు ఉంది కాబట్టి 4 బార్ల ప్రెషర్ ఫిల్టర్ మీద పడుతుందన్న అనుమానం అక్కర్లేదు. ఆ ప్రెషర్ వాల్వుకు ఇంజిన్ వైపే ఆగిపోతుంది.

రీజనరేషన్ మధ్యలో దిగుడు వస్తే కథ వేరు. ఫిల్టర్‌లో మసి ఎక్కువగా ఉండి, అది 600 డిగ్రీల దగ్గర కాలుతుండగా ఇంజిన్ ఒక్కసారిగా ఐడిలింగ్‌కు పడిపోయిందనుకుందాం. మంటకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, ఎందుకంటే ఇంజిన్ దాన్ని వాడటం లేదు. వేడిని బయటికి మోసుకెళ్లే ప్రవాహం మాత్రం తగ్గిపోతుంది. లోపలి వేడి అదుపు తప్పి 1,000 డిగ్రీలు దాటితే పింగాణీ పగులుతుంది, కొన్నిచోట్ల కరిగిపోతుంది కూడా. ఇంజిన్ రూపొందించేవాళ్లు ఎక్కువ భయపడే పరిస్థితుల్లో ఇదొకటి. మసి ప్రమాదకర స్థాయికి చేరకముందే రీజనరేషన్ మొదలుపెట్టేలా కంప్యూటర్‌ను సెట్ చేసేది అందుకే. లైటును రోజుల తరబడి పట్టించుకోకుండా, రీజనరేషన్‌ను ఆపి ఉంచే ఇన్‌హిబిట్ స్విచ్ వేసి తిరిగితే ఆ భద్రత అంతా డ్రైవరే తీసేసినట్టు అవుతుంది. ఎక్కువ మసితో చివరికి రీజనరేషన్ మొదలైతే పగిలే అవకాశం పెరుగుతుంది. ఇంకా ఎక్కువైతే కంప్యూటర్ రీజనరేషన్‌కు ఒప్పుకోదు, ఫిల్టర్ విప్పాల్సి వస్తుంది.

ఆచరణలో దీని అర్థం సులువు. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి డీపీఎఫ్ లైటు మెరుస్తుంటే, పైన విశాలమైన చోట బండి నిలిపి రీజనరేషన్ పూర్తిచేసి దిగాలి. నడుస్తుండగా జరుగుతున్న రీజనరేషన్ వాలు రాగానే తనంతట ఆగితే కంగారు పడనక్కర్లేదు, చదునుకు వచ్చాక అదే కొనసాగుతుంది. రీజనరేషన్ జరుగుతున్నట్టు తెలిస్తే ఇంజిన్ ఆపేయకుండా మరికొంత దూరం నడపడం మంచిది. మాటిమాటికీ మధ్యలో తెంచేస్తుంటే, సిలిండర్‌లోనే ఆలస్యంగా డీజిల్ చిమ్మే ఇంజిన్లలో ఆ డీజిల్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించకూడదు, ఆయిల్ పలచబడుతోందని అర్థం.

వాల్వు ఇరుక్కుంటే ఫిల్టర్ మీదికి

ఎగ్జాస్ట్ బ్రేక్ ఎక్కువగా వాడితే పాడవుతుందని దాచుకునేవాళ్లున్నారు. నిజం దానికి తలకిందులు. నెలల తరబడి కదలని పలక షాఫ్టు మీద మసి, తుప్పు కలిసి గట్టిపడతాయి. ఒకరోజు స్విచ్ వేస్తే మూసుకుంటుంది, మళ్లీ పూర్తిగా తెరుచుకోదు. వేరియబుల్ టర్బో రెక్కలదీ అదే తీరు, కదులుతుంటేనే మసి గట్టిపడకుండా ఉంటుంది. చదును రోడ్డు మీద కూడా రోజూ కొన్నిసార్లు వాడటమే దానికి చేసే మొదటి సేవ.

సగం మూసుకున్న వాల్వును గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే అది బ్రేకు లోపంలా కనిపించదు. ఎత్తు ఎక్కేటప్పుడు పవర్ తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, రీజనరేషన్లు దగ్గర దగ్గరగా వస్తుంటాయి. లోపల పాత పొగ మిగిలిపోయి తాజా గాలి చాలక మసి ఎక్కువ పుడుతోంది. ఫిల్టర్ ఉన్న బండిలో ఆ నల్లపొగ బయటికి కనిపించదు, అంతా ఫిల్టర్‌లోనే చేరుతుంది. కంప్యూటర్‌కు తెలిసేది డీపీఎఫ్ నిండిందన్న సంగతే. కాబట్టి డీపీఎఫ్ లైటు వెలిగిన బండిలో ముందు ఇంజిన్ ఆపి, చల్లారాక, ఆ వాల్వు లివర్‌ను చేత్తో కదిలించి చూడాలి. స్ప్రింగు దాన్ని పూర్తిగా వెనక్కి లాగాలి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు. ఎయిర్‌తో నడిచేదైతే ఎయిర్ ట్యాంకులో నీళ్లు చేరి సిలిండర్‌లో తుప్పు పట్టిందేమో చూసుకోవాలి, ట్యాంకు నీళ్లు క్రమం తప్పకుండా వదలాలి. షాఫ్టుకు మామూలు గ్రీజు పూస్తే అది మాడి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అధిక వేడి తట్టుకునేది, తయారీదారు చెప్పినదే వాడాలి.

మానిఫోల్డు గ్యాస్కెట్ల మీద ఎగ్జాస్ట్ బ్రేక్ ప్రెషర్ చాలా పనిచేస్తుంది. జాయింట్ల చుట్టూ నల్లటి చారలు కనిపిస్తే అక్కడ కారుతున్నట్టే. కారితే బ్రేకు బలం తగ్గుతుంది, పొగ వేడి ఫిల్టర్ దాకా చేరదు. బయట దొరికే ఎగ్జాస్ట్ బ్రేకును, ఇంజిన్‌కు తగినదో కాదో చూడకుండా బిగించడం ఇంకా పెద్ద తప్పు. ప్రెషర్ ఎక్కువైతే ఎగ్జాస్ట్ వాల్వులు తమంతట తెరుచుకుంటాయి. వాటిని గట్టిగా పట్టి ఉంచే వాల్వు స్ప్రింగులు లేకపోతే దెబ్బ పడేది హెడ్డుకే.

వాల్వు బాగానే ఉంటే వెతకాల్సింది ఇంజిన్ వైపే. కారే ఇంజెక్టర్, గాలి కారే ఇంటర్‌కూలర్ పైపు, ఆయిల్ వదిలే టర్బో సీలు, కూలెంట్ కారే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది), ఇవన్నీ చివరికి ఫిల్టర్ లైటుగానే బయటపడతాయి. ఫిల్టర్ ముందూ వెనకా ప్రెషర్ తేడా కొలిచే సెన్సార్‌కు రెండు సన్నటి పైపులు ఉంటాయి. అవి మూసుకుపోయినా, చీలినా లెక్క తప్పి, ఖాళీ ఫిల్టర్ కూడా నిండినట్టు చూపించవచ్చు. ఆ పైపులకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఫిల్టర్ ధర ఎన్నో రెట్లు.

ఫిల్టర్ ఆరోగ్యాన్ని పరికరాలేవీ లేకుండా చూసుకునే పద్ధతి ఒకటుంది. ఇంజిన్ చల్లారాక పైపు చివర లోపలి అంచున తెల్లగుడ్డతో తుడవాలి. సరిగా ఉన్న ఫిల్టర్ వెనక లోహం దాదాపు శుభ్రంగా, బూడిదరంగులో ఉంటుంది. గుడ్డకు నల్లటి మసి అంటితే ఫిల్టర్ లోపల ఎక్కడో పగిలినట్టు, లేదా దాన్ని ఎవరో ఖాళీ చేసినట్టు అనుమానించాలి.

ఖాళీ చేయించడమే పరిష్కారమని చెప్పేవాళ్లు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ మార్పించి, లోపలి దిమ్మె పగలగొట్టించి, మళ్లీ వెల్డింగ్ చేస్తారు. చాలా దేశాల్లో ఇది చట్టవిరుద్ధం. దానికంటే ముఖ్యమైన సంగతి, డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2012లో క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. ఆ పొగను అందరికంటే ఎక్కువ పీల్చేది రోజంతా ఆ బళ్ల మధ్యే ఉండే డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లే. ఫిల్టర్ తీసేసిన బండి ముందు వాళ్ల ఊపిరితిత్తులనే నల్లగా చేస్తుంది.

ఆయిల్, బూడిద, శుభ్రం చేయించడం

బూడిద ఎంత త్వరగా నిండుతుందో నిర్ణయించేది ఇంజిన్ తాగే ఆయిల్. ఫిల్టర్ల కోసమే 2006లో వచ్చిన ఏపీఐ సీజే-4, తర్వాత 2016లో వచ్చిన సీకే-4 ప్రమాణాల ఆయిళ్లలో సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ మండితే మిగిలే బూడిద కొలత) 1 శాతం మించకూడదు. ఆ లెక్కన లీటరు ఆయిల్ మండితే దాదాపు 8, 9 గ్రాముల బూడిద మిగులుతుంది. పాత తరం ఆయిళ్లలో కొన్నిట్లో యాష్ 1.5 శాతం దాకా ఉంటుంది, అంటే ఫిల్టర్ అంత త్వరగా నిండుతుంది. పది లీటర్ల ఆయిల్ డబ్బాలో కాస్త మిగిలిందని పాత రకాన్ని కొత్త ఇంజిన్‌లో కలపడం, ఆయిల్ తాగే ఇంజిన్‌ను టాప్-అప్ చేస్తూ నెట్టుకురావడం రెండూ ఫిల్టర్ ఆయుష్షును తినేస్తాయి.

రీజనరేషన్ల మధ్య గడువు రాసిపెట్టుకుంటే బూడిద ఎప్పుడు నిండుతుందో ముందే తెలుస్తుంది. అదే లోడు, అదే రూటు మీద ఆ గడువు నెలలు గడిచేకొద్దీ మెల్లగా తగ్గుతూ వస్తే అది బూడిద. ఒక్కసారిగా సగానికి పడిపోతే బూడిద కాదు, ఇంజిన్ వైపు ఏదో చెడింది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలా అనవసర ఖర్చు తప్పుతుంది.

శుభ్రం చేయడానికి విప్పిన ఫిల్టర్‌ను ముందు తూకం వేయాలి, గాలి ఎంత సులువుగా పోతోందో కొలవాలి. తర్వాత వెనక వైపు నుంచి ఎయిర్ పల్స్‌లతో ఊదుతారు. గట్టిపడినదైతే ఓవెన్‌లో 600 డిగ్రీల చుట్టూ నెమ్మదిగా కాల్చి మళ్లీ ఊదుతారు. ప్రెషర్ వాషర్‌తో నీళ్లు కొట్టించడం చాలాచోట్ల జరుగుతోంది గానీ, సరైన పరికరాలు లేకుండా చేస్తే క్యాటలిస్ట్ పూత దెబ్బతింటుంది, బూడిద తడిసి లోపలే గట్టిపడుతుంది. ఫిల్టర్ డబ్బాను సుత్తితో కొట్టడం, నేలకేసి దులపడం అసలే వద్దు, పింగాణీకి కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. ఊదేచోట మాస్కు, దుమ్మును లాగేసే యంత్రం ఉండాలి, ఆ బూడిద పీల్చదగింది కాదు. పని అయ్యాక మళ్లీ తూచి, ప్రవాహం కొలిచి, రెండు అంకెలూ రాసి ఇవ్వమని అడగాలి. ఆ కాగితం ఇవ్వని చోట శుభ్రం నిజంగా జరిగిందో లేదో చెప్పే ఆధారం ఉండదు.

తిరిగి బిగించేటప్పుడు గ్యాస్కెట్లు, క్లాంపులు కొత్తవి వేయాలి, పొగ వెళ్లే దిశ బాణం గుర్తును చూసుకోవాలి. చివరగా స్కానర్ పెట్టి కంప్యూటర్‌లోని బూడిద లెక్కను రీసెట్ చేయాలి. ఇది మరిచిపోతే కంప్యూటర్ ఫిల్టర్ ఇంకా బూడిదతోనే ఉందనుకుని తొందరతొందరగా రీజనరేషన్లు చేయిస్తూ డీజిల్ తగలేస్తుంది. రీసెట్ చేశాక కూడా గడువు పాత స్థాయికి రాకపోతే, ఆ బండిని మళ్లీ ఫిల్టర్ దగ్గర కాకుండా టర్బో, ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్ బ్రేక్ వాల్వు దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టాలి.